గాలి చేయని నష్టం

ఆ ఉదయం సర్వేయరు వకుళ పదకొండో ఇంటికి వచ్చేసరికే గాలిజాడ ఇద్దరు పెద్దమనుషుల్ని అబద్ధాలకోరులుగా తేల్చేసింది. ఒకాయన తన పెంకుల్ని తానే గునపంతో పగలగొట్టుకున్నాడు. ఇంకొకాయన తాతలనాటి ప్రహరీ బీటల్ని సుడిగాలి మీదకి నెట్టబోయాడు.

గాలిజాడ పోపులపెట్టె అంత ఉంటుంది. సుడిగాలులు ఏటేటా రావడం మొదలయ్యాక ప్రభుత్వం నష్టపరిహారం లెక్కగట్టే సర్వేయర్ల చేతికిచ్చిన యంత్రమది. విరిగిన వస్తువుకు ఎదురుగా పెడితే చాలు, దెబ్బ ఎటు నుంచి, ఎంత ఎత్తున, ఎన్నాళ్ల కిందట తగిలిందో చెబుతుంది. చాటుమాటు బేరాలు ఉండకూడదని దానికి గొంతు కూడా పెట్టారు. తీర్పు గేటు దాకా వినబడుతుంది. అది అచ్చువేసిచ్చే చీటీని కలెక్టరు కూడా మార్చలేడు.

నిన్న మధ్యాహ్నం వరప్పాడును తాకింది బలహీనమైన సుడి. ఒకే ఒక్క వీధిని దువ్వి పోయింది. మనుషులెవరికీ ఏమీ కాలేదని నివేదికలో ఉంది.

ఈ ఇల్లు హేమలత పేరున ఉంది. మాట్లాడేది మాత్రం ఆమె భర్త పిచ్చేశ్వరరావు.

"రండి మేడమ్. వరండా రేకులు చూశారుగా, పక్కింటి జామచెట్టెక్కి కూర్చున్నాయి."

"గాలి. నైరుతి నుంచి. నిన్న," అంది గాలిజాడ.

"చూశారా, దానికీ తెలిసింది."

దరఖాస్తులో తర్వాతిది పడకగది తలుపు. గడియ ఊడిపోయి, చెక్క నిలువునా చీలి ఉంది. మగ సర్వేయర్లు పడకగది గుమ్మం తొక్కరు, ఇంటాయన చెప్పింది రాసుకుపోతారు. ఆ మర్యాదను నమ్ముకునే పిచ్చేశ్వరరావు పనిలో పనిగా ఆ తలుపునూ జాబితాలో ఎక్కించాడు. ఈసారి ఆడమనిషి వస్తుందని అనుకోలేదు.

"అది కూడా గాలికేనండి," అంది హేమలత, ఎవరూ అడగకముందే. మే నెల ఎండలో ఆమె మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకుంది. వకుళ ఆ సంగతి గమనించేసరికి యంత్రం పని ముగించింది.

"గాలి కాదు. గది బయటి నుంచి. నాలుగున్నర అడుగుల ఎత్తున మనిషి భుజం. ఆరుసార్లు. పదహారు రోజుల కిందట."

గేటు దగ్గర మూగిన జనం మాటలు సద్దుమణిగాయి.

"మీ పెట్టెకి వడదెబ్బ తగిలినట్టుంది మేడమ్," పిచ్చేశ్వరరావు నవ్వాడు. నవ్వు కళ్లదాకా పోలేదు. "ఆ తలుపు తీసేయండి. మాకొద్దు."

తీసేయవచ్చు. దరఖాస్తును విరమించుకుంటే తీర్పు చెరిగిపోతుంది. కాకపోతే ఆ మాట ఇంటి యజమానురాలే, సొంత గొంతుతో చెప్పాలి.

"హేమలత గారూ, విరమించుకుంటున్నారా?" గాలిజాడ మర్యాదగా అడిగింది.

"చెప్పవే," అన్నాడు భర్త, గొంతు తగ్గించి.

పది నిమిషాల్లో వకుళ పన్నెండో ఇంట్లో ఉంటుంది. ఈమె ఇక్కడే, ఈయనతోనే ఉంటుంది. వకుళ తలుపు బందు చూసే నెపంతో వాళ్లిద్దరి మధ్యకి జరిగింది.

"నేను వెళ్లేటప్పుడు నాతో రావచ్చు," అంది, బందుకేసి చూస్తూనే.

హేమలత జాకెట్టు చేతి అంచును కాసేపు లాగుతూ నిలబడింది.

"ఇది చెప్పిందే మళ్లీ చెబుతుందాండి?"

"చెబుతుంది."

"అయితే నేను విరమించుకోను. కాస్త గట్టిగా చెప్పించండి. గేటు దగ్గరున్న వాళ్లకి సరిగ్గా వినబడి ఉండదు."

వకుళ యంత్రం గొంతు పెంచింది. 'ఆరుసార్లు' అన్న మాట ఈసారి వీధి చివరిదాకా పోయింది. పిచ్చేశ్వరరావు మోగని ఫోను చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. జనం దారిచ్చారు గానీ ఎవరూ పలకరించలేదు.

సంచి సర్దుకోవడానికి హేమలతకు ఎంతోసేపు పట్టలేదు. చాలాకాలంగా మనసులో సర్దుతూనే ఉన్నట్టుంది. పక్క సందులో ఉన్న పిన్ని నాంచారమ్మ ఇంటికి వకుళే వెంటబెట్టుకుని వెళ్లింది. సంగతి వాళ్లకన్నా ముందే అక్కడికి చేరింది.

"లోపలికి పోయి మంచినీళ్లు తాగు," అని నాంచారమ్మ హేమలతను పంపించి, తనూ లోపలికెళ్లి సొట్టపడిన ఇత్తడి చెంబొకటి తెచ్చింది. ఈలోగా గుమ్మం ముందు మరో నలుగురు ఆడవాళ్లు చేరారు. ఒకావిడ చేతిలో పగిలిన అద్దం. ఇంకొకావిడ చంకలో కాలు విరిగిన పీట.

"ఈ సందులోకి సుడిగాలి రానే లేదు కదమ్మా," అంది వకుళ.

"రాలేదని నాకు తెలుసు తల్లీ," నాంచారమ్మ చెంబును యంత్రం ముందు పెట్టింది. "మా ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఊళ్లో ఇప్పటికీ ధర్మాత్ముడంటారు. గాలి కాదని ఒక్క చీటీ రాయించివ్వు."