విప్పని మూట

మూడో పోగు తెగింది.

శ్రీహరి చేయి ఆగిపోతుంది. గుడారం బయట అడుగుల చప్పుడు!

కత్తి గబుక్కున దుప్పటి కిందికి పోతుంది. ఎర్రతాడు మీద గాటు కనబడకుండా పై తొడుగు సర్దేస్తాడు. గాటును తాడు చుట్ట లోపలికి తిప్పేస్తాడు.

తెర పక్కకు జరుగుతుంది. తలకు లైటు కట్టుకుని జైపాల్.

"అన్నా, తాడు చూసినవా?"

"చూసిన."

"ఇగ ఫికర్ లేదు. గౌడ్లాయన చూసినంక నేను మల్ల చూసేదేముంది!"

నవ్వుతూ చుట్టను భుజాన వేసుకుంటాడు జైపాల్. ఎప్పుడూ అంతే. శ్రీహరి చేయి పడ్డ తాడును రెండోసారి చూడడు.

ఆ నమ్మకమే ఇవాళ వాడి ప్రాణం తీస్తుంది!

తెల్లవారుజాము నాలుగున్నర. ఒమన్ కొండల మధ్య క్యాంపు. ఎండ ముదరకముందే నడక మొదలు కావాలి. ఎనిమిది మంది టూరిస్టులు బూట్ల లేసులు బిగించుకుంటున్నారు. ఆరు రోజుల నడకలో ఇది రెండో రోజు.

గైడు జైపాల్. కోరుట్లవాడు. శ్రీహరిది చందుర్తి, కల్లుగీసే గౌడ్ల ఇల్లు. వంట, సామాను, తాళ్లు అతని పని.

ఆరున్నరకల్లా వాళ్లు పెద్ద లోయ అంచుకు చేరతారు. అరవై అడుగుల లోతు. తాడు పట్టుకుని ముందు దిగేది గైడే. సగం దిగేసరికి...

శ్రీహరి కళ్లు మూసుకుంటాడు. మూస్తే కనబడేది లోయ కాదు. బండి!

నెల సెలవుకు ఇంటికి పోయిన జైపాల్ వారం కిందట వచ్చాడు. గుండుతో! "కొండగట్టు మొక్కున్నది అన్నా" అన్నాడు, నేల చూస్తూ.

అదే సాయంత్రం కొండగట్టు నుంచి ఫోను. చాయ్ హోటల్ సాయన్న.

"నీ పెండ్లాం రజని వాని బండి మీద పోంగ చూసిన రా. ఒక్కసారి గాదు. మూడు దినాలు!"

మూడు దినాలు!

కట్టుకున్నది ఆకుపచ్చ చీరట. తను మస్కట్‌లో కొని పంపిన చీర! గతుకులొస్తే వాడి భుజం పట్టుకుందా? నడుం పట్టుకుందా? సాయన్నను ఎలా అడగాలో తెలియలేదు. అడగనందుకు వారం నుంచి నిద్ర లేదు.

ఇంటివాళ్లు పంపారని జైపాల్ ఇచ్చిన మూట బ్యాగు అడుగున అలాగే ఉంది. విప్పలేదు. వాడు మోసుకొచ్చిన పచ్చడి తను తినాలా?

లైట్లు ఒకటొకటిగా మలుపు తిరిగి మాయమవుతాయి.

శ్రీహరి క్యాంపు వెనక బండ ఎక్కుతాడు. సిగ్నల్ దొరికేది అక్కడే. రజని గొంతు వినాలి. సాయంత్రానికి ఆ గొంతు ఏడుస్తుంది. వాడి కోసం! ఏడవకముందు ఎలా ఉంటుందో వినాలి. గంట దాటాక గాని కాల్ కలవదు.

"హలో... ఏంది, గింత పొద్దుగాల?"

"కొండగట్టు తొవ్వల ఎవనితోటి తిరుగుతున్నవే?"

"ఏమంటున్నవయ్యా?"

"చెప్పవే! మూడు దినాలు వాని బండెక్కినవంట!"

"బండెక్కక ఏమెక్కాలె? సమ్మెల బస్సులన్ని బందాయె!" అంటుంది రజని. "నువ్వు... మూట ఇప్పలేదా?"

"ఏం మూట?"

"జైపాల్‌తోని పంపిన మూటయ్యా! ఇప్పితే నీకే సమజైతదనుకున్న. నోటితోటి చెప్పద్దని అవ్వ నాతోని ఒట్టు పెట్టించుకున్నది!"

"ఏం చెప్పద్దని?"

"అండ్ల... బాపు మోకున్నది."

మోకు!

తాటిచెట్టు ఎక్కేటప్పుడు నడుమునూ చెట్టునూ కలిపి పట్టుకునే పగ్గం. బాపు దాన్ని ఇంట్లో ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. జ్వరమొచ్చి మంచం పట్టినా తలగడ పక్కనే పెట్టుకునేవాడు. బాపు బతికుండగా ఆ మోకు గడప దాటదు.

దాటిందంటే...

"బాపూ!"

"చెట్టు మీదికెల్లి పడ్డడు. నువ్వంపిన సబ్బులిద్దామని గప్పుడే వచ్చిండు జైపాల్. అంబులెన్స్ దొరకలే. మామను బండి మీద మా నడుమ కూసుండవెట్టుకొని సిరిసిల్ల పోయినం. ఆడికెల్లి జగిత్యాలకు రాసిచ్చిండ్రు. మూడు దినాలుండి పానం ఇడిసిండు. గా మూడు దినాలు నేను ఇంటికొచ్చి అన్నం వండుకపోవుడు, మల్ల వచ్చుడు... అంతా జైపాల్ బండి మీదనే."

"నాకెందుకు చెప్పలేదే!"

"నువ్వస్తే నీ వీసా పోతదని అవ్వ మొత్తుకున్నది. పదో దినం నీ బదులు నెత్తి గీయించుకున్నది జైపాలేనయ్యా!"

ఫోను చేతిలోంచి జారిపోతుంది.

టైమ్ చూస్తాడు. ఆరు కావస్తోంది!

బండ మీంచి దూకుతాడు. బ్యాగు తిరగేస్తాడు. మూట పళ్లతో చింపుతాడు. పుల్లటి కల్లు వాసన. బాపు వాసన! ఏడవడానికి టైమ్ లేదు. మోకు మెడలో వేసుకుని పరుగు...

దారి వెంట పోతే రెండు గంటలు. కొండ మీంచి అడ్డంగా పోతే అరగంట. కానీ అటు దారి లేదు. రాళ్లే!

ఎక్కుతాడు. మోకాళ్లు చెక్కుకుపోతాయి. చెప్పు తెగుతుంది. వదిలేస్తాడు. శిఖరం! అటువైపు నిట్టనిలువు దిగుడు. పొడుచుకొచ్చిన రాయికి మోకు వేసి, తాటిచెట్టు దిగినట్టు వీపు వెనక్కి వాల్చి దిగుతాడు. రాయికి రాయి. అడుగుకు అడుగు.

కింద అరుగులాంటి చట్టు. దాని మీద దూకుతాడు.

తలెత్తితే, పదిహేను అడుగుల పైన లోయ అంచు. అంచున ఎనిమిది ముఖాలు.

పక్కనే ఎర్రతాడు. ఊగుతోంది!

తాడు మీద జైపాల్. దిగుతున్నాడు. సరిగ్గా శ్రీహరి ఎదురుకు వచ్చేశాడు.

"అన్నా! నువ్వేంది ఈడ?"

"తాడు ఇడిసిపెట్టు! గిది పట్టుకో!"

"ఎందుకు?"

"పట్టుకో రా!"

మోకు ఒక కొస నడుముకు చుట్టుకుని, రెండో కొస విసురుతాడు. జైపాల్ చేతికి అందుతుంది. మణికట్టుకు తిప్పుకుంటాడు.

ఠప్!

ఎర్రతాడు తెగింది!

పైన కేకలు. మోకు బిగుసుకుంటుంది. శ్రీహరి నడుం విరిగినట్టవుతుంది. పాదాలు చట్టు అంచుదాకా జారి, రాతికి తన్ని ఆగుతాయి.

కింద గాలిలో జైపాల్. నడుముకు వేలాడుతున్న తాడు ముక్కను చూస్తున్నాడు. సగం చిరిగింది. సగం నున్నగా ఉంది. కత్తి కోసిన నునుపు!

"గీ తాడు... నువ్వు చూసిన అన్నవు గదా అన్నా."

శ్రీహరి మోకును చేతికి ఇంకో చుట్టు తిప్పుకుంటాడు.

"వదినె కోసమా?"

శ్రీహరి చూపు తిప్పుకుంటాడు.

"ఆమెకేం తెల్వదు. ఒట్టు!" జైపాల్ ఆయాసపడుతున్నాడు. చస్తాననే అనుకుంటున్నాడు. "కాని నా మనసుల... దవాఖాన్ల ఆమెను చూసినకాడికెల్లి... నువ్వు అనుకున్నది ఉత్తగ గాదు అన్నా."

మోకు జానెడు జారుతుంది!

జారిందా? జార్చాడా? శ్రీహరికే తెలియదు.

వదిలేస్తే చాలు. తాడు తెగింది, మనిషి పోయాడు. ఎనిమిది మంది సాక్షులు!

గాలికి జైపాల్ టోపీ ఎగిరిపోతుంది. కింద గుండు. ఇంకా సరిగా మొలవని వెంట్రుకలు. బాపు కోసం తీసిన తల. కొడుకుగా తను తీయించుకోవలసిన తల.

శ్రీహరి పళ్లు బిగిస్తాడు.

లాగుతాడు. మూర... ఇంకో మూర... జైపాల్ చేయి చట్టు మీద పడుతుంది. మోచేయి. మోకాలు. ఇద్దరూ బండ మీద బోర్లా పడి రొప్పుతారు.

"వాట్ హ్యాపెండ్?" పైనుంచి కేక.

అయిపోయింది! శ్రీహరి కళ్లు మూసుకుంటాడు. పోలీసులు. జైలు. రజని...

"ఓల్డ్ రోప్! రాక్ కట్! నో ప్రాబ్లెమ్!" జైపాల్ అరుస్తాడు.

నడుముకున్న తాడు ముక్కను విప్పి లోయలోకి విసిరేస్తాడు. పైన మిగిలిన కొసను ఇక ఎవరూ అనుమానించరు. సాక్ష్యం పోయింది.

శ్రీహరి నివ్వెరపోయి చూస్తాడు. "జైపాల్... తమ్మీ..."

జైపాల్ ముఖంలో నవ్వు లేదు. మెల్లగా వంగి శ్రీహరి నడుం నుంచి మోకు విప్పుతాడు. చుట్ట చుట్టి తన భుజానే వేసుకుంటాడు.

"ఇంక నాలుగు దినాలు నడువాలె అన్నా. మూడు లోయలున్నయి."

శ్రీహరి లేచి కూర్చుంటాడు.

"రేపటికెల్లి ముందుగాల నువ్వు దిగు."

అరచేత్తో గుండు తుడుచుకుంటాడు.

"తాడు నేను చూస్త."