వంపు రేకు

గస్ తాత తుక్కు దొడ్డిలో చివరి వరసకి పొద్దుగూకాక ఎవరూ పోరు. కుక్క కూడా పోదు. అక్కడ ఎమిల్ అనే అతని ట్రైలర్ ఉండేది... కారు వెనకాల తగిలించుకుని లాక్కెళ్ళే ఇంటిబండి. పాతకాలంది. ఒళ్ళంతా వెండి రంగు రేకు.

ఎమిల్ దాని కిందే పోయాడు. నేను పుట్టకముందు మాట. కింద పడుకుని వెనక మూల వంపు రేకు బిగిస్తుంటే జాకీ జారింది. తెల్లారి చూస్తే — కుడిచెయ్యి పైకెత్తి, అరచేత్తో ఆ రేకుని ఇంకా పట్టుకునే ఉన్నాడంట.

అప్పట్నించీ గాలి లేని రాత్రి అక్కడ తట్టిన చప్పుడు వస్తుందని మా ఊళ్ళో అంటారు.

మా ఊరి ఆర్లోకి ఇదంతా తెలుసు. అయినా పోయాడు. చెల్లెలి కోసం పోయాడు. నాతో చెప్పింది కూడా ఆర్లోనే, నేను పనిచేసే పెట్రోలు బంకులో, నా మొహం చూడకుండా. నేనూ ఎవరి మొహం చూసి మాట్లాడలేను. అందుకే నాతో చెప్పాడనుకుంటా.

చెల్లెలు వెర్నా. మొగుడి దగ్గర్నించి చంటిపిల్లని చంకనేసుకుని వచ్చేసింది. పికప్పు ట్రక్కులో పడుకునేవాళ్ళు తల్లీపిల్లా ఇద్దరూ. ఆర్లో ఎక్కడో మూలపడ్డ పాత ట్రైలర్ ఒకటి తెచ్చాడు. గోడలు బానే ఉన్నాయి. కానీ చుట్టూ అంచు పట్టీలు లేవు, అడుగు రేకులు లేవు. కిందనించి చూస్తే నేల చెక్కలు, నీళ్ళ గొట్టాలు అన్నీ బయటికే.

ఇలాంటి బండ్లు వరసగా నిలిపి కాపురాలుండే మా ట్రైలర్ పార్కుకి మేనేజరమ్మ ఒక్కటే మాటంది. "అడుగు మూసి తీసుకురా, చోటిస్తా. మా నెబ్రాస్కా చలికి ఆ గొట్టాలు పగిలిపోతాయి. పిల్ల గడ్డకట్టి పోతే నా మీదకొస్తుంది."

మంచు పడేలోపు మూయాలి. అదీ సంగతి.

పట్టీలు దొరికాయి. చదును రేకులు ఆర్లో కత్తిరించుకున్నాడు. వెనక మూల వంపు రేకు మాత్రం — పక్కగోడ తిరిగి అడుగులోకి పోయే చోటది — ఎంత కొట్టినా ఆ వంపు రాలేదు.

"ఆ బండి చేసే కంపెనీ మూతపడి నీ వయసంత అయింది," అన్నాడు గస్ తాత. "ఉన్నది ఒక్కటే. ఎక్కడుందో నీకు తెలుసు."

"ఎంతకిస్తావు తాతా?"

"డబ్బులొద్దు. తీసుకుంటే నేను అమ్మినట్టు కదరా. నువ్వే పట్టుకెళ్ళావు. అడిగేవాడు వస్తే అదే చెప్తా."

ఆర్లో నవ్వాడు. తాత నవ్వలేదు.

ఎమిల్ బండి నించి ఆ రేకు పట్టపగలే ఊడదీశాడు. రేకు పాడవలేదు, కొత్తదానిలా ఉంది. దొడ్డి గేటు దగ్గరే తన బండిని జాకీల మీద లేపి బిగించడం మొదలెట్టాడు. సగం అయ్యేసరికి చీకటి పడింది. ఆపుదామంటే... పొద్దున్నే మంచు పడుతుందని రేడియోలో చెప్పారు.

రివెట్ అంటే రేకుల్ని కలిపి పట్టే మొండి మేకు. అది కొట్టాలంటే ఇద్దరుండాలి. బయట ఒకడు మెషిన్ పెట్టి కొడతాడు. లోపల ఇంకొకళ్ళు, రివెట్ తోక మీద ఇనప దిమ్మ నొక్కి పట్టుకోవాలి. దిమ్మ లేకపోతే తోక అణగదు, రివెట్ జారి పడిపోతుంది. ఒకరికొకరు కనపడరు కాబట్టి లోపలివాళ్ళు తడతారు. ఒకసారి తడితే ఇంకా కొట్టు. రెండుసార్లు, బాగుంది. మూడుసార్లు తడితే చెడిపోయింది, తీసెయ్.

వెర్నా లోపల నేల చెక్క ఎత్తి, బోర్లా పడుకుని, సందులోకి చెయ్యి దింపి దిమ్మ పట్టుకుంది. ఆర్లో కింద వెల్లకిలా.

కొట్టాడు. టక్... టక్. బాగుంది.

ఇంకోటి. టక్... టక్.

"చెల్లీ, చెయ్యి తిరిగిందే నీకు," అన్నాడు. ఇంకో రివెట్ పెట్టాడు.

వరసగా కొట్టుకుంటూ పోయాడు. ఒక్కటి కూడా చెడలేదు. అంత బాగా ఎప్పుడూ కుదరలేదంట ఆర్లోకి. ఆఖరిది కొట్టాడు.

టక్... టక్.

మెషిన్ ఆపాడు. అప్పుడు వినపడింది — పిల్ల ఏడుపు. దూరంగా. ట్రక్కు దగ్గర. దాంతోపాటు జోకొట్టే గొంతు.

వెర్నా గొంతు.

పాక్కుంటూ బయటికొచ్చాడు. వెర్నా ట్రక్కు సీట్లో పిల్లకి పాలిస్తోంది.

"ఎప్పుడొచ్చావే?"

"ఎప్పుడో వచ్చా. పిల్ల లేచింది. ఆగమని అరిచాను అన్నయ్యా, ఆ మోతలో నీకు వినపడలేదు. ఆగలేదా నువ్వు?"

"మరి... దిమ్మ ఎవరు పట్టుకున్నారు?"

వెర్నా కోటు జేబులో చెయ్యి పెట్టింది. దిమ్మ తీసి చూపించింది.

ఆర్లో లైటు తీసుకుని లోపలికి పోయాడు. వెనకే వెర్నా, పిల్లనెత్తుకుని. ఎవరూ లేరు. నేల సందులోకి లైటు వేశాడు.

రివెట్ తోకలన్నీ అణిగే ఉన్నాయి. ఇనప దిమ్మకి అణిగితే నున్నగా అద్దంలా ఉంటాయి. వెర్నా పట్టినవి అలాగే ఉన్నాయి. మిగతావి... నున్నగా లేవు. వాటి మీద సన్నగా గీతలున్నాయి. మన అరచేతిలో ఉంటాయే, అట్లాంటి గీతలు.

"పీకేస్తా," అన్నాడు ఆర్లో. "ఇప్పుడే పీకేసి ఎక్కడిదక్కడ పెట్టేస్తా."

వెర్నా ఆ గీతలకేసి చూసింది. పిల్ల కాళ్ళు దుప్పట్లోకి దోపింది.

"ఉండనీ అన్నయ్యా," అంది మెల్లిగా. "పట్టుకోనీ. ఇన్నాళ్ళూ మా కోసం పట్టుకున్నవాళ్ళెవరు?"

వంగి తనే నేల చెక్క మూసేసింది.

పార్కులో నా బండి పక్కనే చోటిచ్చారు వాళ్ళకి. చలికాలమంతా గడిచింది. మా గొట్టాలు పగిలాయి, వాళ్ళవి పగల్లేదు. రాత్రిళ్ళు నేను డ్యూటీ దిగి వస్తుంటే ఆ బండి కిందనించి వినపడేది. టక్... టక్. లోపల్నించి వెర్నా గరిటెతో నేల మీద తిరిగి తట్టేది. టక్... టక్. నేను తలొంచుకుని గబగబా పోయేవాణ్ణి.

నిన్న పొద్దున గస్ తాత దొడ్డికి తుక్కు లారీ వచ్చింది. తాత దొడ్డి అమ్మేశాడు. ఎమిల్ ట్రైలర్‌ని మెషిన్లో పెట్టి అట్టులా నొక్కేశారు. నేను రోడ్డు మీద నిలబడి చూశా.

రాత్రి గాలి లేదు. నేల ఇంకా గడ్డకట్టే ఉంది. నా మెట్టు ఎక్కబోతుంటే...

టక్. టక్.

టక్.

తప్పు విన్నాననుకున్నా. మళ్ళీ వచ్చింది. మూడే. అంటే... చెడిపోయింది, తీసెయ్.

నేను ఎప్పుడూ ఎవరి తలుపూ కొట్టలేదు. పరిగెత్తి వాళ్ళ తలుపు దగ్గరికి పోయా. కొట్టేలోపే తెరుచుకుంది. వెర్నా బూట్లేసుకుని ఉంది. కోటు లోపల పిల్ల.

"మూడే కదా?" అంది గుసగుసగా.

తలూపా.

పిల్లని నా చేతికిచ్చి దిగింది. కాలు నేల మీద పెట్టిందో లేదో, బండి వెనకాల ఏదో రాలింది. టిక్. మళ్ళీ, టిక్... టిక్... ఒకదాని తర్వాత ఒకటి రివెట్లు గడ్డకట్టిన నేల మీద పడుతున్నాయి. వంపు రేకు మెల్లిగా వంగి, కిందకి వాలి, పడిపోయింది. లోపల గొట్టాలన్నీ బయటపడ్డాయి.

"వదిలేశాడు," అంది వెర్నా. అంతే అంది.

ఒక రివెట్ దొర్లుకుంటూ నా కాలి దగ్గరికొచ్చింది. పిల్లని ఒక భుజాన వేసుకుని వంగి తీశా.

అంత చలిలో... అది వెచ్చగా ఉంది.