సేదరపేట్‌లో దిగిన బాంబర్

కాలాపేట తీరంలో ఉదయం ఏడున్నరకు చెల్లప్పన్‌ను కాల్చి చంపారు. సైలెన్సర్ పిస్టల్. ఒకే బుల్లెట్. ఆయన నోట్‌బుక్‌లో చివరి పేజీ లేదు.

పది గంటలకు ఇంటెలిజెన్స్ చీఫ్ నరేంద్రన్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ఎదురుగా ఏజెంట్ ప్రభు, ఢిల్లీ నుంచి వచ్చిన ఏజెంట్ నందిత.

"చెల్లప్పన్ రిటైర్డ్ లెక్చరర్. 1944లో సేదరపేట్ పొలాల్లో అత్యవసరంగా దిగిన ఒక బాంబర్ విమానం మీద రీసెర్చ్ చేస్తున్నాడు. ఏ రికార్డులోనూ అది లేదు. అందులో విషవాయువు డబ్బాలున్నాయట. సైన్యం అన్నిటినీ తీసుకెళ్లిందో లేదో తెలీదు. వాటికోసం ఒక విదేశీ ముఠా దిగింది. చూసినవాళ్లలో ఒక్కరే మిగిలారు. ఉప్పళంలో అమ్మాయమ్మ. వయసు తొంభై ఒకటి."

"మా కవర్? ఎవరిమని చెప్పుకోవాలి?" అడిగాడు ప్రభు.

"యూనివర్సిటీ రీసెర్చర్లు."

అమ్మాయమ్మ తలుపు సగమే తెరిచింది.

"ఏంది? మళ్లా ఆ ఏరోప్లేన్ కతేనా? పోండి!"

"ఈ తమిళ ఊళ్లో మాదీ తెలుగిల్లే అవ్వా," అన్నాడు ప్రభు. "చెల్లప్పన్ సార్‌ని పొద్దున చంపేసినారు."

ముసలామె ముఖం బిగుసుకుంది. తలుపు పూర్తిగా తెరిచి దారిచ్చింది. పొయ్యి మీద బియ్యపు కంజి మరుగుతోంది. గరిటె తిప్పుతూ చెప్పింది.

"అపుడు నాకు పదేండ్లు. మా చెనక్కాయ చేన్లో పొట్ట రాసుకుంటా దిగింది. తెల్లోళ్లు నాలుగు డబ్బాలు దింపి లారీలో తీసకపోయినారు."

నందిత ముందుకు వంగింది. "మరి ఐదో డబ్బా ఎక్కడుంది?"

గరిటె ఆగింది.

"ఐదోది ఉండాదని నీకెవురు చెప్పినారు? అది నేను చెల్లప్పనొక్కడికే చెప్పినా. ఆయన రాసుకున్నాడు."

చివరి పేజీ ఎవరి దగ్గరుందో ప్రభుకు అర్థమైంది. అప్పటికే నందిత పిస్టల్ అతని నుదుటికి ఆనింది.

"చెప్పు ముసలీ. లేదంటే వీడు చస్తాడు."

"చెప్పొద్దు అవ్వా!"

"ఒకటి. రెండు..."

"దొర్లి పాడుబావిలో పడింది," అంది అమ్మాయమ్మ. "సిమెంటు గోడౌన్ ఎనకాల."

నందిత ఎడమచేత్తో ఫోన్ తీసింది. ముఠా సేదరపేట్‌లో క్రేన్‌తో సిద్ధంగా ఉంది. "నీలిచేప," కోడ్‌వర్డ్ చెప్పింది. "గోడౌన్ వెనక బావి. వెతకండి."

అరగంట పిస్టల్ ప్రభు నుదుటి మీదే ఉంది, పొయ్యి మీద కంజి మరుగుతూనే ఉంది. ఫోన్ స్పీకర్ గరగరలాడింది.

"డబ్బా దొరికింది. బాగా తుప్పు పట్టింది. లాగమంటారా?"

"పగిలిపోతుంది!" ప్రభు అరిచాడు. "పక్కనే ఫ్యాక్టరీలు. షిఫ్ట్ మారే టైమ్. వందలమంది చస్తారు!"

"లాగండి," అంది నందిత.

మరుక్షణం అమ్మాయమ్మ గరిటెతో విసిరిన మరిగే కంజి ఆమె పిస్టల్ చేతిమీద పడింది. కేక వేసింది. పిస్టల్ జారింది. ప్రభు దాన్ని దూరంగా తన్ని, ఫోన్ లాక్కున్నాడు.

"నీలిచేప! గ్యాస్ లీకవుతోంది! క్రేన్ ఆపి పరుగెత్తండి!"

ఇంజన్ ఆగింది. తర్వాత పరుగుల చప్పుడు. డబ్బా అప్పటికి జానెడు ఎత్తు లేచింది.

ప్రభు కబురందుకున్న పోలీసులు మెయిన్‌రోడ్డు మీదే ముఠాను పట్టుకున్నారు. నందితకు బేడీలు వేస్తుంటే అమ్మాయమ్మ ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎనబై ఏండ్లు నా మాట ఎవురూ నమ్మలా. నమ్మినాయన్ని చంపేస్తివి గదే!"



సాయంత్రం నరేంద్రన్ ఫోన్ చేశాడు. "డబ్బాను సైన్యం జాగ్రత్తగా తీసింది. ఫైల్ క్లోజ్ చేయాలి ప్రభూ. ఆ బాంబర్ గురించి రికార్డేమైనా దొరికిందా?"

"ఒక్కటే సార్. ఉప్పళంలో ఉంది. కోపం ఎక్కువ. మళ్లీ తలుపు తట్టాలంటే మాత్రం ఇంకో ఏజెంట్‌ని చూసుకోండి."