ఖాళీ కిటికీ

మెడ కింది స్టేషన్‌లో బ్రీఫింగ్ నలభై సెకన్లలో ముగిసింది.

"ఇదీ శత్రువు," అంటూ మేడమ్ తొమ్మిది పూసల దండ ఒకటి బల్ల మీద పడేసింది. "ఊపిరితిత్తుల ఏడో వీధి నుంచి కొరియర్ తెచ్చాడు. నా చేతికిచ్చి, ఇక్కడే పడి చచ్చాడు."

ఏజెంట్ ఒంటిగురి ఆ దండను చూశాడు. ఒళ్ళంతా ఝల్లుమంది. పుట్టి బుద్ధెరిగాక అతను గుర్తుపట్టగలిగిన శత్రువు ముఖం అదొక్కటే. అందుకే ఆ పేరు.

దేశం పేరు అడక్కండి. ముప్పై నాలుగేళ్ళ ఒక బస్సు కండక్టరు ఒళ్ళే ఆ దేశం. మూడు రోజులుగా ఆవిడ దుప్పటి ముసుగేసుకుని మూలుగుతోంది. అక్కడ ప్రతి కణమూ ఒక ఇల్లు. ఇల్లు కూలితే ఇంటివాళ్ళూ పోయినట్టే. ఒంటిగురి ఆ దేశపు నెత్తుట్లో తిరిగే రోగనిరోధక దళంలో కిల్లర్ టీ-కణం. పేరులోనే ఉంది కదా, ఇక మర్యాదలెందుకు?

ఆ దేశంలో చట్టం ఒకటే. ఇంట్లో ఏది తయారైనా దాని ముక్కను తొమ్మిది పూసల దండగా గుచ్చి కిటికీకి కట్టాలి. వైరస్ ముఠా లోపల దూరి తన సరుకు చేయించుకుంటుంటే, కిటికీలో పూసలే పట్టిస్తాయి.

"గంటన్నర టైముంది," అంది మేడమ్. "ఆలోగా ఏడో వీధి మొత్తం క్లీన్ చెయ్యాలి. ఒక్క ఇల్లు పగిలినా పదివేల మంది ముఠావాళ్ళు నెత్తుట్లోకి దూకుతారు. కండక్టరు పోతుంది. ఆవిడతో పాటు మనమూ."

"దండ లేని ఇల్లుంటే?"

"శత్రువు దండ చూడకుండా సొంత దేశపు ఇంటి మీద వేలెత్తితే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?"

అక్కర్లేదు. రొమ్ము ఎముక వెనక ట్రైనింగ్ స్కూల్లో నూరుగురు చేరితే ప్రాణాలతో బయటికొచ్చింది ఇద్దరు. సొంతింటి దండ చూసి ఒక్కసారి కళ్ళెర్రజేశాడని ఒంటిగురి తమ్ముణ్ణి క్లాసులోనే చంపేశారు. పాఠం మాత్రం ఆగలేదు.

ఏడో వీధిలో మొదటి ఇంటి ముసలమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. కిటికీలో శత్రువు దండ.

"వచ్చావా నాయనా? లోపల దూరి కూర్చున్నారు వెధవలు. నేనే కట్టాను, సరిగ్గా చూసుకో."

"చూశానమ్మా."

"మరింకా నసుగుతావేం? పక్కింట్లో నా మనవరాలుంది, దానికి అంటకముందే కానివ్వు."

పెర్ఫోరిన్ డ్రిల్లుతో గోడకు చిల్లి పెట్టాడు. ఆ చిల్లిలోంచి గ్రాంజైమ్ గుళిక వదిలాడు. అది ఇంటిచేతే ఇంటిని కూల్పించే సరుకు. చప్పుడు లేదు. ఇల్లు పొట్లాలు పొట్లాలుగా విడిపోయింది. స్వీపర్లు వచ్చి ఆ పొట్లాలను తినేశారు. ఒంటిగురి పక్కింటికి నడిచాడు. ఆ కిటికీలోనూ అదే దండ. మనవరాలు ఏడుస్తూనే ఉంది.

పాపం అనిపించింది. అయినా డ్రిల్లు ఆగలేదు.

ఇరవై రెండు ఇళ్ళు అయ్యాయి. తప్పు చేసినవాళ్ళు వాళ్ళలో ఒక్కరూ లేరు. వీధి చివర ఒక ఇల్లు మిగిలింది. టైము నాలుగు నిమిషాలు.

ఆ ఇల్లు పన్నీరుది. ఏడో వీధిలో అంత అందగత్తె లేదు, అంత తీయటి గొంతూ లేదు. ఆఫీసుకు రహస్య సమాచారం ఇచ్చే ఇన్ఫార్మర్ కూడా. కిటికీలో శత్రువు దండ లేదు. అసలు ఏ దండా లేదు.

"కడగడానికి తీశాను బావగారూ," నవ్వింది పన్నీరు. "అలసిపోయినట్టున్నారు. ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వండి."

అతని చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. పీడీ-వన్ షేక్‌హ్యాండ్! అమాయకుల ప్రాణాలు కాపాడటానికి ప్రతి ఏజెంటు ఒంట్లోనూ పెట్టిన బ్రేకు అది. డ్రిల్లు జారి కిందపడింది. ఇక చంపాలన్నా చంపలేడు. అప్పుడు వినబడింది, గోడల అవతల వందల మెషీన్ల రొద. గోడలు ఉబ్బుతున్నాయి.

"ఎంతకి అమ్ముడుపోయావు?" అన్నాడు, మాట కూడదీసుకుని.

"వీధంతా పోయినా నా ఇల్లు నిలబెడతామన్నారు."

"పిచ్చిదానా! ముందు పగిలేది నీ ఇల్లే."

ఆవిడ నవ్వు ఒక్క క్షణం తడబడింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

తొంభై సెకన్లు. వీధి మొగలో బాబాయి కనబడ్డాడు. స్కూలు గడప తొక్కని పాతకాలపు హంతకుడు, నేచురల్ కిల్లర్. పూసలు చదవడం రాదు. కిటికీ ఖాళీగా ఉంటే చంపుతాడు, అంతే. కానీ అటు తిరిగి వెళ్ళిపోతున్నాడు.

పిలిస్తే? దండ చూడకుండా సొంతింటిని పట్టిచ్చినట్టే. తమ్ముడి ముఖం కళ్ళ ముందు మెదిలింది. ఒంటిగురికి చచ్చేంత భయమేసింది.

"బాబాయ్!" అరిచాడు. "కిటికీ ఖాళీ!"

బాబాయి వెనక్కి తిరిగాడు. కిటికీ వైపు ఒక్క చూపు చూశాడు. "కడుగుతున్నా మావయ్యా..." అని పన్నీరు మొదలుపెట్టేలోగా డ్రిల్లు దిగిపోయింది.

"ఎంత సేపని కడుగుతావమ్మా," అన్నాడు బాబాయి, గుళిక వదులుతూ.

మూడు సెకన్లుండగా మెషీన్లు ఆగాయి. పదివేల మంది పుట్టకముందే పొట్లాలైపోయారు. ఒంటిగురి చేతిని పట్టుకున్న చెయ్యి చివరిదాకా అలాగే ఉండి, తర్వాత రాలిపోయింది.

మర్నాడు కండక్టరుకు జ్వరం దిగింది. మేడమ్ రిపోర్టు చదివింది.

"ఆఖరి ఇంట్లో దండ చూశావా?"

"లేదు మేడమ్."

"చూడకుండా బాబాయికి చూపించావు."

"చూపించాను. లేకపోతే మనం ఇక్కడ మాట్లాడుకునేవాళ్ళం కాదు."

"నిజమే. దేశం నీకు రుణపడి ఉంది," అంది మేడమ్, సంతకం పెడుతూ. "ఇంకోసారి నీ అంచనా తప్పితే దేశమే ఉండదు. నీకోసం పెట్టిన గుళిక నీ లోపలే ఉంది కదా?"

"ఉంది."

"స్వీపర్లు బయట ఉన్నారు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళు."

ఒంటిగురి తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

ఆ సాయంత్రం కండక్టరు డ్యూటీ ఎక్కింది. టికెట్లు చింపుతూ డ్రైవరుతో అంది, "ఏం లేదన్నా, ఉత్త జలుబు. రెండు పూటలు ఆవిరి పట్టా, దానంతట అదే పోయింది."