మూడు గొంతుల దగ్గు

కంగ్టి రోడ్డు మీద మూతపడ్డ పత్తిమిల్లు పేరెత్తితే నారాయణఖేడ్ ఆటోవాళ్లు ఇప్పటికీ మాట మారుస్తారు. దీపాలు పెట్టే వేళ దాటాక అక్కడ ఎవరు చెయ్యెత్తినా ఆపరు. ఎత్తింది మనిషి చెయ్యేనని ఏం నమ్మకం?

మా మేనమామ ప్రేమదాసుకు మాత్రం దెయ్యమంటే భయం లేదు. ఆయన భయమంతా స్తెఫను.

ఇరవై ఏళ్లుగా క్రిస్మస్ రాత్రి చర్చిలో మొదటి పాట మామదే. రెండువేల పదకొండులో ఆయనకు టైఫాయిడ్ వచ్చింది. తగ్గింది గానీ, పోతూ పోతూ గొంతును సగం పట్టుకుపోయింది. పైకి ఎత్తుకున్న పాట నడుమనే చిరిగేది. వెనక వరసలో స్తెఫను... ఇరవైరెండేళ్లు, ఖంగుమనే గొంతు... ఎప్పుడెప్పుడా అని నిలబడి ఉండేవాడు.

మామ పట్నం పోయి ఒక పెడల్ కొనుక్కొచ్చాడు. కాలితో నొక్కే చిన్న డబ్బా. మైకు, బ్యాటరీ స్పీకరు దానికి తగిలించి పాడితే మన గొంతుకు ఇంకో రెండు గొంతులు, పైనొకటి కిందొకటి, తోడొస్తాయి. చిరుగు కనబడదు. కానీ దేవుని సన్నిధిలో మిషను గొంతంటే సంఘం ఊరుకుంటుందా? పండగ రాత్రి దాన్ని హార్మోనియం చాటున దాచాలనుకున్నాడు. అంతవరకు ఎక్కడ సాధన చెయ్యాలి? మనిషన్నవాడు రాని చోటే కావాలి.

అట్లా రోజూ పొద్దుగూకాక సైకిలెక్కి మిల్లుకే పోయేవాడు. దాని చెడ్డపేరే ఆయనకు కావలి.

ఒక గురువారం పాట మొదలుపెట్టాడో లేదో దగ్గు తెర పట్టుకుంది. కాలు పెడల్ మీదే ఉంది. డబ్బా దగ్గునూ వదల్లేదు. ఆ చీకట్లో ముగ్గురు మనుషులు ఒక్కసారే దగ్గారు...

బయట ఎవరో “ఓ ప్రభువా!” అన్నారు. ఆ వెంటనే పరుగు.

ఆదివారం చర్చిలో సంఘపెద్ద కాలేబు వణుకుతూ లేచాడు. ఆటో చెడిపోయి మిల్లు ముంగటి నుంచి నడిచొచ్చాడట.

“ఒక్క దయ్యం గాదు, మూడు! గొంతు సవరించుకుంటున్నయ్. నా చెప్పులు గాడనే ఉన్నయ్.”

“శుక్రవారం పోయి ప్రార్థనతోని ఎల్లగొడదాం,” అన్నాడు పాస్టరయ్య. “ముందు ప్రేమదాసు పాడాలె. ఆయన గొంతుకు సాతాను నిలవడు.”

మామ ఇరుకున పడ్డాడు. నిజం చెబితే పండగ పాట పోతుంది. చెప్పకుంటే అందరి ముందు ఒట్టి గొంతుతో పాడాలి... అప్పుడూ పోతుంది.

శుక్రవారం మాపటికి మిల్లులో నలభై మంది, నాలుగు చార్జింగ్ లైట్లు. మామ మనసు అబద్ధానికి ఒప్పలేదు.

“గా దగ్గింది నేనే,” అన్నాడు మెల్లగా. “నా తాన మిషనుంది...”

కాలేబు ముఖం మాడిపోయింది. డబ్బాకు భయపడి చెప్పులిడిచి ఉరికిండంటే, రేపు సంఘంలో తలెత్తుకునేదెట్లా?

“జనం భయపడొద్దని అంటున్నవ్ గని, నీది మస్తు జాలిగుండె, ప్రేమదాసూ. నేను విన్నది మిషను గానే గాదు. ఇగ పాడు, జల్దీ!”

మామ పాడాడు. పైకి పోయేచోట గొంతు పర్రున చిరిగింది.



“చూసిండ్రా!” కాలేబు కేకేశాడు. “గొంతు పిసుకుతున్నది!”

అందరి చేతులూ మామ తల మీదికి, భుజాల మీదికి వచ్చాయి. “మా కోసం ఎంత కొట్లాడుతున్నడో!” అని ఆడవాళ్లు ఏడ్చారు. గొంతు పోయిన తప్పంతా దెయ్యం మీద పడింది. ఇక పండగ పాట ఎవరు గుంజుకుంటారు? నవ్వు కనబడకుండా మామ తల ఇంకా కిందికి వంచాడు.

ఆ చేతుల్లో ఒకటి చల్లగా ఉంది. స్తెఫనుది. వాడు వంగి చెవిలో గొణిగాడు.

“అన్నా... మిషను సంగతి నాకెరుకే. వారం సంది గోడ ఎనక నిలబడి వింటున్న. అందరికి చెప్దామనే వచ్చిన.”

మామ నవ్వు ఆగిపోయింది.

“మరి చెప్పలేదేందిరా?”

“ఎట్ల చెప్పాలె? నువ్వు మిషను సంచిల ఏసుకొని, సైకిలెక్కి పోయినంక గూడ... పాట ఆగకపోతుండె. నువ్వెన్నడు అందుకోని రెండో చరణం, గంత సక్కగ ఎవలు పాడుతున్నరన్నా?”