బటన్ నొక్కితే మాట్లాడే మేయరమ్మ

పదిన్నర అయినా టెస్సా బటన్‌ను ఎవరూ నొక్కలేదు.

అది నిజం బటన్ కాదు. ఎర్ర కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి మణికట్టుకు టేపుతో అంటించారు. ఆ రోజు జనవరి ఇరవై తొమ్మిది, కాన్సాస్ రాష్ట్రం పుట్టినరోజు. నాలుగో తరగతి పిల్లలంతా రాష్ట్రానికి పేరు తెచ్చినవాళ్ల వేషాలు వేసుకుని, స్కూల్ జిమ్‌లో మైనపు బొమ్మల్లా కదలకుండా నిలబడ్డారు. ఎవరైనా వచ్చి బటన్ నొక్కితే ప్రాణం వచ్చినట్టు కదిలి తమ కథ చెప్పాలి. కథ అయిపోగానే మళ్లీ బొమ్మ అయిపోవాలి.

టెస్సాకు ఎడమవైపు బ్రిన్. ఆమెది విమానం నడిపిన అమీలియా ఎయర్‌హార్ట్ వేషం. మెడలో తెల్ల స్కార్ఫ్, నుదుటి మీద పెద్ద కళ్లజోడు. ఆమె ముందు క్యూ గుమ్మం దాకా ఉంది. కుడివైపు కోల్బీ. అతనిది ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ వేషం. వాళ్ల నాన్న కోటు అతనికి మోకాళ్ల దాకా వేలాడుతోంది. ఆ పక్కన రాష్ట్ర చిహ్నాల వేషాలు వేసినవాళ్ల వరుస. పొద్దుతిరుగుడు పువ్వు, మెడోలార్క్ పిట్ట, అడవిదున్న, తాబేలు.

"టీచర్, పెంకు లోపల దురద!" అని తాబేలు అరుస్తూనే ఉంది. దాని దగ్గర కూడా జనం ఉన్నారు.

టెస్సా దగ్గరే ఎవరూ లేరు. చీటీల్లో ఆమెకు సుజానా సాల్టర్ పేరు వచ్చింది. ఆ పేరు చాలామంది వినలేదు. అమ్మ పాత గౌను, భుజాల మీద శాలువా, చేతిలో ఉతకాల్సిన బట్టల బుట్ట. చూసేవాళ్లకు ఎవరో పనిమనిషి అనిపిస్తోంది.

టెస్సా ఈ స్కూల్‌కు కొత్త. వాళ్ల ఊరి స్కూల్‌లో చివరికి ఏడుగురే మిగిలారు. ఎండాకాలంలో దాన్ని మూసేశారు. ఆగస్టు నుంచి రోజూ నలభై నిమిషాలు బస్సులో ఇక్కడికి వస్తోంది. ఇక్కడి పిల్లలు ఒకరికొకరు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎవరూ ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. పిలవలేదు, అంతే.

చివరికి ఇద్దరు చిన్నపిల్లలు వచ్చి బటన్ నొక్కారు. టెస్సా గబుక్కున తలెత్తింది.

"నా పేరు సుజానా సాల్టర్. పద్దెనిమిది వందల ఎనభై ఏడులో నేను ఆర్గోనియా అనే ఊరికి మేయర్ని అయ్యాను. మన దేశంలో మేయర్ అయిన మొదటి ఆడమనిషిని నేనే. ఆ ఏడాదే కాన్సాస్‌లో ఆడవాళ్లకు ఊరి ఎన్నికల్లో..."

"పదరా, తాబేలు దగ్గరికెళ్దాం," అన్నాడు ఒకడు. ఇద్దరూ వెనక్కి తిరిగారు.

"అప్పుడు ముగ్గురు దొంగలు తుపాకులతో వచ్చారు!" అంది టెస్సా.

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. పిల్లలిద్దరూ ఆగిపోయారు.

"తుపాకులా?"

"ఆ. మరి నేను ఊరుకుంటానా? గుర్రమెక్కి వాళ్ల వెంటపడ్డాను. తాడు విసిరి ముగ్గుర్నీ ఒకే ముడిలో బిగించాను!"

"మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు!" అని వాళ్లు మళ్లీ బటన్ నొక్కారు.

పావుగంటలో టెస్సా ముందు కూడా క్యూ తయారైంది. కథ చెప్పినప్పుడల్లా కొంచెం పెరిగింది. దొంగలు బ్యాంకును దోచారు. గుర్రం వాగు మీంచి దూకింది. బుట్టలోని దుప్పటి తీసి విసిరితే దొంగల తలలకు చుట్టుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు వింటుంటే టెస్సాకు ఒళ్లంతా వెచ్చగా అయింది.

"నీ కథ అదిరిపోయింది. లంచ్‌కి మా టేబుల్ దగ్గరికి రా," అంది బ్రిన్.

ఆ రోజు లంచ్‌లో చిల్లీ అనే బీన్స్, మాంసం పులుసు, తియ్యటి దాల్చినచెక్క రోల్ పెట్టారు. టెస్సా నలుగురి మధ్య కూర్చుని తింది. ఆగస్టు నుంచి ఎప్పుడూ గోడవైపు కూర్చుని, గోడ మీది పెచ్చులు చూస్తూ తినేది. ఈ రోజు రోల్‌ను వేడి చిల్లీలో ముంచుకుని, బ్రిన్ చెప్పిన ప్రతి మాటకూ నవ్వింది.

లంచ్ అయ్యేసరికి ఎవరో ఆమె మోచేతిని తట్టారు. రెండో తరగతి పిల్ల. ముందు రెండు పళ్లు లేవు. చేతిలో కాగితం.

"మేయరమ్మా, నేను జూనీని. మాకు నచ్చినవాళ్ల గురించి రాయమన్నారు. నేను నీ గురించే రాస్తున్నా. దొంగలు ముగ్గురా, నలుగురా?"

కాగితం మీద గుర్రం బొమ్మ వేసింది. గుర్రం మీద గౌను తొడుక్కున్న ఆడమనిషి.

అప్పుడే నిజం చెప్పేస్తే అయిపోయేది. కానీ బ్రిన్ పక్కనే ఉంది. వింటోంది.

"ముగ్గురు," అంది టెస్సా.

మధ్యాహ్నం స్కూలంతా జిమ్‌లో కూర్చుంది. అమ్మానాన్నలూ చాలామంది వచ్చారు. టెస్సా వాళ్లమ్మ వృద్ధుల ఆశ్రమంలో పనిచేస్తుంది. ఆమెకు సెలవు దొరకలేదు. టెస్సా వేషం తీసేసి, తన స్వెటర్ వేసుకుని తరగతి వరుసలో కూర్చుంది.

రెండో తరగతి పిల్లలు ఒక్కొక్కరే మైకు దగ్గరికి వచ్చి తాము రాసింది చదివారు. జూనీ వంతు వచ్చింది. మైకు అందక మునివేళ్ల మీద నిలబడింది.

"నాకు నచ్చిన మనిషి సుజానా సాల్టర్. ఆమె గుర్రమెక్కి ముగ్గురు బ్యాంకు దొంగల్ని దుప్పటితో పట్టుకుంది..."

ఐదో తరగతి వరుసలోంచి ఒక అమ్మాయి పకపకా నవ్వింది. "పోయినేడు ఆ వేషం వేసింది నేనే! దొంగలూ లేరు, గుర్రమూ లేదు!"

"దుప్పటితోనా? బాగా నిద్రొచ్చిందేమో వాళ్లకి!" అన్నాడు ఇంకొకడు.

జిమ్ అంతా నవ్వు పాకింది. జూనీ చెవులు ఎర్రబడ్డాయి.

"కాదు... నిజం... మేయరమ్మే నాతో చెప్పింది," అంది మైకులో.

ఈసారి పెద్దవాళ్లు కూడా నవ్వారు. జూనీ జిమ్ నలువైపులా చూసింది. శాలువా, బుట్ట ఉన్న మనిషి కోసం వెతికింది. టెస్సా కిందికి వంగి, కట్టే ఉన్న షూ లేసు విప్పి మళ్లీ కట్టుకుంది. తల ఎత్తేసరికి మైకు దగ్గర ఇంకెవరో ఉన్నారు.

బస్సు ఎక్కేముందు టెస్సా జూనీని చూసింది. ఆ పిల్ల తన కాగితాన్ని ఉండగా చుట్టి, గేటు పక్కనున్న చెత్తడబ్బాలో వేసింది. ఎవరూ చూడలేదనుకుని చేతులు కోటుకు తుడుచుకుంది.

దారి పొడవునా గోధుమ చేల మీద మంచు. పిల్లలు ఒక్కొక్కరే దిగిపోయారు. చివరి పన్నెండు నిమిషాలూ బస్సులో టెస్సా ఒక్కతే. రోజూ ఆ పన్నెండు నిమిషాలు ఆమెకు కష్టంగా ఉండేవి. ఈ రోజు ఇంకా ఎక్కువైతే బాగుండుననిపించింది.

ఇంట్లో అమ్మ క్యాబేజీ, మాంసం కూరిన బన్నులు వేడిచేస్తోంది.

"ఎలా జరిగింది, తల్లీ? ఎవరైనా వచ్చారా నీ దగ్గరికి?"

"చాలామంది వచ్చారు," అంది టెస్సా. ఆ వెంటనే ఏడ్చేసింది.

అమ్మ పొయ్యి ఆపి పక్కన కూర్చుంది. టెస్సా మొత్తం చెప్పింది. షూ లేసు సంగతి కూడా.

"రేపు ఆ పిల్ల స్కూల్‌కి వస్తుందా?" అని అడిగింది అమ్మ.

"రావాలిగా."

"పాపం. ఆ క్లాసులోకి మళ్లీ అడుగుపెట్టాలంటే దానికెంత భయంగా ఉంటుందో."

టెస్సా ఆ మాట గురించే ఆలోచిస్తూ తింది.

పొద్దున బస్సు దిగగానే బ్రిన్ కనిపించింది. టెస్సా తనే దగ్గరికి వెళ్లింది.

"దొంగల కథ నేనే అల్లాను. జూనీ తప్పు లేదు."

"అంటే మమ్మల్ని కూడా ఫూల్స్ చేశావన్నమాట," అంది బ్రిన్. మొహం తిప్పుకుని వెళ్లిపోయింది. టెస్సా ఆపలేదు.

తరగతిలో మిసెస్ అన్‌రూ హాజరు వేస్తోంది. టెస్సా టీచర్ బల్ల దగ్గరికి వెళ్లి నెమ్మదిగా విషయం చెప్పింది. "ఒక్క పది నిమిషాలు రెండో తరగతికి వెళ్లొస్తాను టీచర్."

"నన్ను కూడా రమ్మంటావా?"

రమ్మందామనుకుంది. "వద్దు టీచర్," అంది.

రెండో తరగతి పిల్లలు కార్పెట్ మీద కూర్చుని ఉన్నారు. జూనీ అందరికంటే వెనక, పుస్తకాల అర పక్కన ఉంది. టెస్సాను చూసి తల దించుకుంది.

టెస్సా గొంతు సవరించుకుంది. "నిన్న మేయరమ్మ వేషం వేసింది నేను. జూనీ చదివింది నేను చెప్పిందే. దొంగలు లేరు. నా దగ్గరికి ఎవరూ రావట్లేదని అల్లాను. జూనీని చూసి అందరూ నవ్వినప్పుడు నేను లేచి చెప్పాల్సింది. చెప్పలేదు. సారీ, జూనీ."

జూనీ తల ఎత్తి చూసింది. ఆ మొహంలో ఏముందో టెస్సాకు తెలియలేదు.

"మరి నిజంగా ఏమైంది?" అని అడిగాడొక అబ్బాయి.

"ఎన్నికల రోజు పొద్దున ఆమె ఇంట్లో బట్టలు ఉతుకుతోంది. కొంతమంది వచ్చి, 'మేయర్ పోటీలో నీ పేరుంది, తెలుసా?' అన్నారు. ఆమెకు తెలియనే తెలియదు. ఆడవాళ్లను ఆటపట్టించాలని కొందరు మగవాళ్లు ఆమెను అడక్కుండా పేరు రాసేశారు. గెలిస్తే పని చేస్తావా అని ఆ వచ్చినవాళ్లు అడిగారు. చేస్తానంది. గెలిచింది. ఏడాదిపాటు ఊరి పని చూసుకుంది."

"అంతేనా?" అన్నాడు ఆ అబ్బాయి.

"అంతే."

ఇద్దరు ముగ్గురు కిటికీవైపు తిరిగారు. ఒకడు ఆవలించాడు. అప్పుడు వెనక నుంచి జూనీ గొంతు వినిపించింది.

"అందరూ నవ్వడానికే పేరు రాశారని తెలిసినప్పుడు ఆమె ఏడ్చిందా?"

పిల్లలంతా మళ్లీ టెస్సావైపు తిరిగారు. అందరి కళ్లూ ఆమె మీదే. జవాబు నాలుక మీదికి వచ్చేసింది. మూడు రోజులు ఏడ్చింది. తలుపు వేసుకుని అన్నం కూడా తినలేదు. ఒక్క మాట చాలు, ఈ గది అంతా ఆమెదే.

టెస్సా ఆ మాటను మింగేసింది.

"తెలీదు, జూనీ. నేను చదివిన పుస్తకంలో అది రాయలేదు."

కిటికీవైపు చూసేవాళ్లు మళ్లీ కిటికీవైపే తిరిగారు. జూనీ మాత్రం లేచి, అరలోంచి కొత్త కాగితం తీసుకుంది. ముందుకు వచ్చి టెస్సా కాళ్ల దగ్గర బోర్లా పడుకుని, పెన్సిల్ పట్టుకుంది.

"అయితే 'తెలీదు' అని రాయనా?"

"రాయి," అంది టెస్సా.