సుట్టీలో చివరి పాట

మరాఠీ ఊళ్లో తెలుగు నేతవాళ్లుండే దాజీ పేట్‌లో పొద్దున్నే మగ్గాలు మొదలైతే మాటలన్నీ వాటంతటవే అరుపులవుతాయి. ఆ వీధిలో గుసగుస అంటే మూడిళ్ల అవతలికి మాత్రమే వినపడేది. గోదావరి ఒళ్లో చాట పెట్టుకుని గడపలో బీడీలు చుడుతోంది. కూతురు ఆరతి తన అన్న ఓంకార్ పాటల ఆల్బమ్ మీద వచ్చిన రివ్యూలు ఫోన్‌లో చదివి వినిపిస్తోంది.

ఓంకార్ బ్యాండ్ పేరు కుంఠా నాకా, వాళ్లు రోజూ కలుసుకునే కూడలి పేరే. బ్యాండంటే పెళ్లిళ్లలో వాయిస్తారనుకుంది గోదావరి. ఒక్క పెళ్లికీ పోరని తెలిశాక బ్యాండా, బ్యాండేజా అని అడిగింది. మాది రాక్ అని కొడుకు గొప్పగా చెప్తే, రాళ్లు వేసేది మీరా, వినేవాళ్లా అంది. అవన్నీ భర్త లింగయ్య ఉన్నప్పటి నవ్వులు. పోయిన వానాకాలం మగ్గం దగ్గరే ఆయన గుండె ఆగిపోయింది. మొన్న 'సుట్టీ', అంటే సెలవు, అని మొదటి ఆల్బమ్ బయటికొస్తే గోదావరి "మంచిది" అంది. ఇప్పుడామె అన్నిటికీ అదే మాట. అన్నం ఉడికినా మంచిదే, మాడినా మంచిదే.

రివ్యూలు రెండు రకాలు: పొగిడేవి, పొగబెట్టేవి. గిటార్ కొత్తగా మోగిందని పుణెలో ఒకాయన మెచ్చుకున్నాడు. పాడే అబ్బాయికి జలుబు తగ్గాక మళ్లీ రికార్డు చేయండని ఇంకొకాయన సలహా ఇచ్చాడు. ముంబై ఆయన రాసింది చదువుతూ ఆరతి మధ్యలో ఆగిపోయింది. ఏమైందని తల్లి అడిగితే నెట్ పోయిందంది. నెట్ పోతే మొహంలో రంగు పోదు కదా. గోదావరి గుచ్చి గుచ్చి అడిగితే, మరాఠీలో ఉన్నదాన్ని తెలుగులో నసిగింది. చివరి పాటలో ఒక ఆడమనిషి ఏడుపు ఉందట. బాగా అలవాటు చేసుకుని ఏడ్చినట్టుందట. అందులో నటన ఎక్కువ, దుఃఖం తక్కువట.

"ఎవరి ఏడుపే అది?"

ఆరతి లోపలికి చూసింది. పళ్లు తోముతున్న ఓంకార్ బ్రష్ నోట్లోనే పెట్టుకుని నిలబడిపోయాడు.

ఏడుపు గోదావరిదే. లింగయ్యను వాకిట్లో పడుకోబెట్టిన రోజు ఆమె రాగం తీస్తుంటే ఓంకార్ ఫోన్‌లో రికార్డు చేశాడు. ఎందుకు చేశాడో తనకే తెలియదన్నాడు. తనకు ఏడుపు రాలేదని, అమ్మదైనా దాచుకుందామనిపించిందని, అడక్కుండా ఆల్బమ్‌లో పెట్టడం తప్పేనని, చెప్పుకుంటూ పోయాడు. చివరికి కోపం ముంబై ఆయన మీదికి మళ్లింది.

"మొగుడు పోయిన మనిషి ఏడిస్తే యాక్టింగ్ అంటడా వాడు? ఆ పాట ఇప్పుడే తీసేస్తనమ్మా."

గోదావరికి కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది, ఏదో ఒకటి వచ్చినట్టుండేది.

"వాడు నిజమే రాసిండు రా."

వీధిలో ఎవరు పోయినా రాగం ఎత్తడానికి గోదావరినే పిలుస్తారు. పోయినవాళ్ల మంచితనం, చేసిన పని, విడిచిపోయిన పిల్లలు, అన్నీ వరసన పేర్చి ఏడవడం ఆమెకు వచ్చినట్టు ఇంకొకరికి రాదు. ఆ రోజూ ఆడవాళ్లంతా ఆమె మొహమే చూశారు. ఊరందరికీ చద్దర్లు నేస్తివి, నన్ను సలికి ఇడిసిపోతివి అని ఎత్తుకుంది. అత్త పోయినప్పుడు ఏడ్చిన రాగమే, కుంభారి ఊళ్లో ఎవరో నర్సప్ప పోతే ఏడ్చిన మాటలే, పేరొక్కటి మార్చింది. కొంగుతో పొడి కళ్లు తుడుచుకుంది. ఇదంతా పిల్లలకు, కూరగాయల ధర చెప్పినంత నిదానంగా చెప్పింది.

"మీ బాపు కోసం ఏడ్వలే నేను. మందిని చూసి ఏడ్చిన. ఆయన మీద నాకు ప్రేమ, పావురం ఉండెనో లేదో గూడ తెలుస్తలే."

ఓంకార్ నోరు కడుక్కొచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. పాట చివరిదాకా విన్నవా అని అడిగాడు. అసలు విననే లేదంది. ఇయర్‌ఫోన్లు తనే ఆమె చెవుల్లో పెట్టాడు.

గిటార్ రొద, అందులోంచి తన గొంతు. పరాయిదాని ఏడుపు విన్నట్టే విన్నది. ఎక్కడా వరస తప్పలేదు. కాసేపటికి గిటార్ ఆగింది, ఏడుపూ ఆగింది. అయిపోయిందని తీయబోతే కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడు, కొంచెం చాయ్ తాగమని ఎవరిదో బతిమాలే గొంతు. ఆపైన రాగం లేకుండా, రోజూ ఇంట్లో మాట్లాడే తన గొంతు.

"ముందు ఆయనకియ్యిన్రి. పొద్దటి సంది ఏం తాగలే."

పాట అక్కడితో అయిపోయింది.

"ఈ మాట నేనన్ననా?"

"నువ్వే అన్నవమ్మా. ముంబైవానికి తెలుగు రాదు."

గోదావరి నోరు తెరిచింది. రాగం రాలేదు, మాట కుదరలేదు. చీమిడి, ఎక్కిళ్లు, గొంతు పగిలిన అరుపు. అది మగ్గాల చప్పుడును దాటిపోయింది. ఎదురింటి పూనం చేతిలో గరిటెతోనే ఉరికొచ్చి, ఏమైంది గోదావరక్కా అంటూ భుజాలు పట్టుకుంది.

"మా ఆయన పోయిండు, పూనం."